ఫోన్ ఎత్తకముందే వచ్చే ఆ బిగువు వేదనా, తృష్ణా, కోపమా?

మున్నేటి ఒడ్డు:

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. ఏడాదిగా బౌద్ధం గురించి తెలుగులో ఏది దొరికితే అది చదువుతున్నాను. ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు, కాబట్టి ప్రశ్న తప్పుగా అడిగితే సరిచేయండి.

సంగతి ఏమిటంటే, అమ్మ పోయి మూడేళ్లయింది. ఊళ్లో ఇల్లు అమ్మే విషయంలో మా తమ్ముడికీ నాకూ మాట తేడా వచ్చింది. పెద్ద గొడవేమీ కాదు, మాట్లాడుకుంటూనే ఉన్నాం. కానీ వాడు ఫోన్ చేస్తే చాలు, స్క్రీన్ మీద పేరు కనబడగానే గొంతు కింద, సరిగ్గా ఎముకలు కలిసేచోట, తడిగుడ్డ పిండినట్టు బిగుసుకుంటుంది. ఇంకా ఫోన్ ఎత్తలేదు, వాడు ఏం చెప్తాడో తెలియదు, ఒకసారైతే వాళ్ల పాప పుట్టినరోజుకి పిలవడానికే చేశాడు, అయినా ఆ బిగువు మాత్రం ముందే వచ్చేసింది. మొన్న ఆదివారం పప్పుకి తాలింపు వేస్తున్నాను. ఫోన్ పొయ్యి పక్కన గట్టు మీద ఉంది. పేరు వెలిగింది. చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది, ఎండుమిరపకాయలు మాడిపోయి ఇల్లంతా ఘాటు కమ్మేసి దగ్గు వచ్చాకగానీ నేను పొయ్యి దగ్గర ఉన్నానని గుర్తు రాలేదు.

ద్వాదశ నిదానాల్లో, అంటే దుఃఖం ఎలా పుడుతుందో పన్నెండు మెట్లుగా చెప్పే వరసలో, "స్పర్శ వల్ల వేదన, వేదన వల్ల తృష్ణ" అని చదివాను. మరి నాకు వచ్చే ఆ బిగువు వేదనేనా? కోపం దాని తర్వాత వస్తుందా? నాకైతే రెండూ ఒక్కసారే వచ్చినట్టు ఉంటుంది, మధ్యలో వెంట్రుకవాసి సందు కూడా దొరకదు. ఇంకోటి, సంతోషం కూడా వేదనే అని ఒకచోట రాశారు. వేదన అంటే బాధ కదా, సంతోషం వేదన ఎలా అవుతుంది? స్పర్శ అన్నారు, నన్నెవరూ ముట్టుకోలేదే? ఇక్కడే తికమకపడి పుస్తకం మూసేశాను.

పాళీ విద్యార్థి:

మీ చివరి రెండు ప్రశ్నల నుంచి మొదలుపెడతానండీ, ఎందుకంటే తెలుగువాళ్లకి బౌద్ధం చదవడంలో అసలు చిక్కు అక్కడే ఉంది. మాటలన్నీ మనకి తెలిసినవే, అర్థాలు మాత్రం వేరు. మనోవేదన, ప్రసవవేదన, ఆవేదన అని వాడీ వాడీ వేదన అంటే బాధ అని మనకి స్థిరపడిపోయింది. అది విద్ అనే ధాతువు నుంచి వచ్చిన మాట, వేదం, విద్య కూడా దాన్నుంచే. పాళీలో, అంటే పాత బౌద్ధ గ్రంథాలున్న భాషలో, వేదన అంటే అనుభూతి, అంతే. సుఖంగా ఉండొచ్చు, దుఃఖంగా ఉండొచ్చు, రెండూ కాకుండా ఉండొచ్చు. ఈ మూడోదాన్ని అదుక్ఖమసుఖం అంటారు. సంస్కారం, విజ్ఞానం, ఉపేక్ష కూడా ఇంతే. సంస్కారం అంటే మనకి మంచి నడవడిక, విజ్ఞానం అంటే సైన్సు, ఉపేక్ష అంటే పట్టించుకోకపోవడం. ఆ అర్థాలు మనసులో పెట్టుకుని చదివితే ఒక్క పేజీ కూడా ముందుకు పోదు. నాకు ఈ సంగతి తెలియడానికి రెండేళ్లు పట్టింది.

స్పర్శ కూడా అలాంటిదే. పాళీలో ఫస్స. చేత్తో ముట్టుకోవడం కాదు. మజ్ఝిమ నికాయం అనే బుద్ధుడి ఉపదేశాల సంపుటిలో మధుపిండిక సుత్తం అని ఉంది (సుత్తం అంటే ఒక ఉపదేశం), అందులో బుద్ధుడి శిష్యుడు మహాకచ్చానుడు చెప్పిన వరస చూడండి: "చక్ఖుఞ్చ పటిచ్చ రూపే చ ఉప్పజ్జతి చక్ఖువిఞ్ఞాణం, తిణ్ణం సంగతి ఫస్సో." కంటినీ, కనబడేదాన్నీ ఆధారం చేసుకుని చూపు ఎరుక పుడుతుంది, ఈ మూడూ కలుసుకోవడమే స్పర్శ. ఫస్స అంటే ఏమిటని మిలిందుడనే గ్రీకు రాజు అడిగితే నాగసేనుడనే భిక్షువు రెండు పొట్టేళ్లు ఢీకొనడం, రెండు అరచేతులు చప్పట్లు కొట్టడం ఉదాహరణగా చెప్తాడు. ఒక చెయ్యి కన్ను, రెండో చెయ్యి రూపం, కలిస్తేనే చప్పుడు. కన్ను, చెవి, ముక్కు, నాలుక, ఒళ్లు, వీటితోపాటు మనస్సుని కూడా ఆరో ద్వారంగా లెక్కపెడతారు. మనస్సుకి తగిలేది తలపు. మీకు ఎవరూ తగల్లేదు అన్నారు చూశారా, తగిలింది జ్ఞాపకం.

ఇప్పుడు మీ ఫోన్ దగ్గరికి వద్దాం. అభిధర్మంలో, అంటే మనసుని విడదీసి లెక్కకట్టే బౌద్ధ శాస్త్రంలో, నాకు చాలా ఇష్టమైన ఒక చిన్న సంగతి ఉంది. చూపు, వినికిడి, వాసన, రుచి, ఈ నాలుగు ఎరుకలూ పుట్టే క్షణంలో వాటితో ఉండే వేదన ఎప్పుడూ ఉపేక్షే, అంటే సుఖమూ కాదు దుఃఖమూ కాదు. ఒంటికి తగిలేదాంట్లో మాత్రమే మొదటి క్షణం నుంచే సుఖమో దుఃఖమో ఉంటుంది. అంటే అద్దం మీద వెలిగిన ఆ అక్షరాలు చూడటంలో బాధ లేదు. ఆ వెంటనే మనస్సు దాన్ని అందుకుని "వాడు" అని గుర్తుపట్టి, పాత మాటలన్నీ దాని వెనక తెచ్చి పెట్టాక పుట్టేది దోమనస్సం, మనసుకి కలిగే దుఃఖవేదన. ఇదంతా ఎంత వేగంగా జరుగుతుందంటే ఒక్క చూపు పూర్తికావడానికి 17 చిత్తక్షణాలు (మనసు ఒకసారి పుట్టి పోయేంత సమయాలు) అని లెక్క కట్టారు, అవి మనం ఒక్కొక్కటిగా పట్టుకునేవి కావు.

కోపం మాత్రం వేదన కాదు. ఇది చాలామంది కలిపేస్తారు. మనసుతో పాటు పుట్టే చైతసికాలు 52 అని అభిధర్మం లెక్క. అందులో వేదన ఒకటి, సంజ్ఞ (గుర్తుపట్టడం) ఒకటి, మిగతా 50 సంస్కార స్కంధంలోకి, అంటే మనసు స్పందించి అల్లుకునేవాటి గుంపులోకి వెళ్తాయి. కోపం, అసూయ, పశ్చాత్తాపం, దయ, శ్రద్ధ అన్నీ అక్కడే. మనం తెలుగులో "ఫీలింగ్స్" అనేవి దాదాపు అన్నీ ఆ 50లో ఉండేవే. వేదన వాటికంటే చాలా చిన్నది, పచ్చిది. నాలుకకి తగిలిన చేదు మనసుకి బాగాలేదనిపించడం వేదన, "ఈ కాకరకాయ ఎవరు వండమన్నారు" అనడం సంస్కారం.

రెండూ ఒకేసారి వచ్చినట్టు ఉంటుంది అన్నారు. ఆ విషయంలో అభిధర్మం మీ పక్షమే. దోమనస్సమూ ద్వేషమూ ఒకే చిత్తంలో కలిసి పుడతాయి, ఒకటి లేకుండా ఇంకోటి ఉండదు. మరి ద్వాదశ నిదానాల్లో వరస ఎందుకు అంటే, అది గడియారంలో ముందు వెనకల గురించి కాదు, ఏది లేకపోతే ఏది నిలబడదు అన్నదాని గురించి. వేదన లేకపోతే తృష్ణకి ఆనడానికి చోటు లేదు. పాళీలో తణ్హ అంటే కావాలనుకోవడమే కాదు, "ఇది వద్దు, పోవాలి" అనేదాన్ని కూడా విభవతృష్ణ కింద చాలామంది చెప్తారు. మీరు గరిటె పట్టుకుని నిలబడిపోయిన ఆ క్షణంలో మీకు కావలసింది అదే కదా, ఆ ఫోన్ మోగడం ఆగిపోవడం.

సాగర్ రోడ్డు:

పైన రాసింది బాగుంది గానీ ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. ఇదంతా పుస్తకంలో లెక్కలాగా ఉంది. వేదనని పట్టుకోవాలంటే ఒంట్లో చూడాలి. అక్కగారు ఆ పని ఆల్రెడీ చేసేశారు, గొంతు కింద ఎముకలు కలిసేచోట అని చోటుతో సహా చెప్పారు, అంత స్పష్టంగా చాలామందికి తెలియదు.

నేను నాగార్జునసాగర్‌లో పదిరోజుల విపస్సన ధ్యానం కోర్సు చేశాను, తర్వాత హైదరాబాద్‌లో వనస్థలిపురం వైపు ఉన్న కేంద్రంలో ఇంకోసారి. బర్మాలో ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకుని గోయెంకా గారు 1969లో ఇండియాకి తెచ్చిన పద్ధతి. పొద్దున నాలుగింటికి గంట కొడతారు. మాటల్లేవు, ఫోన్ లేదు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరి చూడటమే. నాలుగో రోజు నుంచి తల మీద నుంచి కాలివేళ్ల దాకా ఒళ్లంతా చూస్తూ వెళ్లాలి, ఏది తగిలినా ఊరికే తెలుసుకోవాలి. ఆ తర్వాత రోజుకి మూడుసార్లు గంటసేపు కదలకుండా కూర్చోవాలి, దాన్ని అధిట్ఠానం అంటారు.

ఐదో రోజు మధ్యాహ్నం నా కుడి మోకాలు. నలభై నిమిషాలు అయ్యుంటుంది, లోపల ఎవరో మేకు దిగ్గొట్టినట్టు ఉంది. ముందు ఒకటే పెద్ద నొప్పి అనుకున్నాను. చూస్తూ కూర్చుంటే అందులో వేడి వేరుగా ఉంది, లాగడం వేరుగా ఉంది, నరం కొట్టుకోవడం వేరుగా ఉంది, ఒక్కోటీ వస్తూ పోతూ ఉంది. వాటితో పాటు ఇంకోటి ఉంది, "ఈ కాలు ఇక పనికిరాదు, రేపు బైక్ నడపలేను" అని. ఇంతలో గంట అయిపోయిందని తెలిపే పాట మొదలైంది. నేను కాలు ఇంకా అంగుళం కూడా కదపలేదు. నొప్పి సగం పోయింది! మోకాలు అదే, మడత అదే, రక్తం ఇంకా పారలేదు. పోయిన ఆ సగం ఏమిటని నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

సంయుత్త నికాయంలో వేదనా సంయుత్తం అని ఒక భాగమే ఉంది, అందులో సల్లత్థ సుత్తంలో రెండు బాణాల పోలిక చెప్పారు బుద్ధుడు. ఒక బాణం తగిలినవాడికి రెండో బాణం కూడా దిగినట్టు, ఒంటి నొప్పికి తోడు మనసులో నొప్పి, ఏడవడం, గుండెలు బాదుకోవడం. నా మోకాలి దగ్గర పోయింది ఆ రెండో బాణమే అని నా నమ్మకం.

మీకు చెప్పేది ఒకటే అక్కా, పేరు వెలగగానే రెండు రింగులు పోనివ్వండి. ఎత్తొద్దు, కట్ చెయ్యొద్దు. ఆ బిగువు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో చూడండి. "వేదనా సమోసరణా సబ్బే ధమ్మా" అని అంగుత్తర నికాయంలో ఉంది, మనసులోని సంగతులన్నీ వచ్చి కలిసేది వేదన దగ్గరే అని. నాకు ఈ ఒక్క ముక్క 52 చైతసికాల కంటే ఎక్కువ పనికొచ్చింది.

మున్నేటి ఒడ్డు:

ఇద్దరికీ చాలా థాంక్స్. పొట్టేళ్ల ఉదాహరణ మా అమ్మాయికి కూడా చదివి వినిపించాను.

ఇంకో మాట అడగాలి, ఇది నన్ను ఎక్కువ బాధపెట్టే మాట. మా పెద్దమ్మకి ఇదంతా చెప్పుకుంటే "పోయిన జన్మలో వాడికి నువ్వు బాకీ పడ్డావే, అది తీరేదాకా ఇంతే" అంది. బౌద్ధంలో కూడా కర్మ ఉంది కదా. మరి నాకు కలిగే ప్రతి బాధా నేను చేసుకున్నదేనా? అలా అయితే చూసి ఏం లాభం, అనుభవించి తీరాల్సిందేగా?

రాత్రి డ్యూటీ:

కాదమ్మా, అలా కాదు. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు రాయడానికే లాగిన్ అయ్యాను. నేను నర్సుని, సర్జరీ వార్డు, పదకొండేళ్లయింది. "నేనేం పాపం చేశాను సిస్టర్" అనే మాట వారంలో నాలుగుసార్లైనా వింటాను.

ఇదే ప్రశ్న బుద్ధుణ్ణి సూటిగా అడిగినవాడు ఉన్నాడు. మోళియ సీవకుడనే పరివ్రాజకుడు, రాజగృహంలో వేణువనంలో. మనిషి అనుభవించే సుఖమైనా దుఃఖమైనా రెండూ కానిదైనా అంతా పూర్వం చేసినదాని వల్లే అని కొందరు అంటారు, మీరేమంటారు అని. బుద్ధుడు ఎనిమిది కారణాలు చెప్పాడు. పిత్తం వల్ల కొన్ని వేదనలు కలుగుతాయి, కఫం వల్ల కొన్ని, వాతం వల్ల కొన్ని, మూడూ కలిసిన సన్నిపాతం వల్ల కొన్ని, రుతువు మారడం వల్ల కొన్ని, ఒళ్లు సరిగ్గా చూసుకోకపోవడం వల్ల కొన్ని, ఎవరో కొట్టడం లాంటి దెబ్బల వల్ల కొన్ని, కర్మఫలం వల్ల కొన్ని. ఎనిమిదింటిలో ఒకటి కర్మ. అంతా కర్మే అనేవాళ్లు తమకి స్వయంగా తెలిసినదాన్నీ, లోకం నిజమని ఒప్పుకున్నదాన్నీ దాటి మాట్లాడుతున్నారు, అది వాళ్ల తప్పు అన్నాడు. నేను మొదటిసారి ఇది చదివినప్పుడు నైట్ డ్యూటీలో ఉన్నాను, పుస్తకం టేబుల్ మీద పెట్టి కాసేపు అలా కూర్చుండిపోయాను. కాలు విరిగినవాడికి కాలు విరిగింది కాబట్టి నొప్పి. ఇంతకంటే దయగల మాట నేను వినలేదు.

రెండో బాణం గురించి పైన తమ్ముడు రాసింది నిజం. వార్డులో నొప్పి ఎంతుంది, పదికి ఎంత అని అడుగుతాం. రాత్రి పదింటికి ఆరు అన్న మనిషి, ఇంటి నుంచి ఫోన్ వచ్చాక, మోటారు కాలిపోయిందని తెలిశాక తొమ్మిది అంటాడు. కుట్లు అవే, కట్టు అదే. కానీ ఒక జాగ్రత్త చెప్తాను, ఇది కోపంగా కాదు, చూసి చూసి చెప్తున్నాను. నొప్పితో ఉన్న మనిషికి రెండో బాణం పాఠం చెప్పకండి. ముందు ఇంజెక్షన్ ఇవ్వాలి, దిండు సరిచేయాలి, నీళ్లు తాగించాలి. ఆ పోలిక మనం మన మీద వాడుకోవడానికి, అవతలివాళ్ల మీద కాదు.

ఆ రెండు బాణాల సుత్తంలోనే ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. దుఃఖవేదన తగిలినప్పుడు మామూలు మనిషి ఇంద్రియ సుఖం వైపు పరిగెత్తుతాడు, ఎందుకంటే దుఃఖం నుంచి బయటపడటానికి అతనికి వేరే దారి తెలియదు. పన్నెండు గంటల డ్యూటీ అయ్యాక, ఒక పేషెంట్ పోయిన రాత్రి అయ్యాక, నేను బస్సులో కూర్చుని ఇల్లు చేరేదాకా రీల్స్ చూస్తూ ఉండేదాన్ని. అవి నచ్చి కాదు. ఇప్పుడు తెలుస్తోంది ఎందుకో.

బుద్ధుడికి నొప్పి లేదనుకోకండి. రాజగృహంలోనే ఒకసారి రాతిముక్క కాలికి గుచ్చుకుంది, ఆ వేదనలు చాలా తీవ్రంగా, భరించడం కష్టంగా ఉన్నాయని సుత్తంలో రాసి ఉంది. సంఘాటి (పైన కప్పుకునే వస్త్రం) మడిచి పరిచి కుడివైపు ఒత్తిగిలి పడుకుని, మనసు చెదరకుండా ఓర్చుకున్నాడు. చివరి ఏడాది వానాకాలంలో బేలువ గ్రామంలో చావుకి దగ్గరపడేంత జబ్బు చేసింది. మొదటి బాణం ఆయనకీ తగిలింది.

తెలుగు మాస్టారు:

అమ్మా మున్నేటి ఒడ్డు, నాకు పాళీ రాదు, ధ్యానం చేసినవాణ్ణీ కాదు. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. మీ మాటలన్నీ చదువుతుంటే మన వాక్యం గుర్తొచ్చింది, అది చెప్దామని.

తెలుగులో "నేను కోపాన్ని చేశాను" అనం. "నాకు కోపం వచ్చింది" అంటాం. భయం వేసింది, ఆకలి వేసింది, బాధ కలిగింది, నవ్వు వచ్చింది, దిగులు పుట్టింది. "నాకు" అనే చోట మనిషి ఊరికే ఉన్నాడు, వచ్చింది వేరేది. వ్యాకరణంలో అక్కడ కర్త కోపమే, మనిషి కాదు. ఇంకో రకం కూడా ఉంది: కోప్పడ్డాను, బాధపడ్డాను, భయపడ్డాను, దిగులుపడ్డాను. ఇక్కడ కర్త "నేను". పడటం నాది. "బాధ కలిగింది" అన్న వాక్యానికీ "బాధపడ్డాను" అన్న వాక్యానికీ మధ్య ఎంత దూరం ఉందో, నాకు అర్థమైనంతవరకు, ఆ రెండు బాణాల మధ్య అంతే ఉంది. కలగడం మొదటిది, పడటం రెండోది.

దీన్ని బౌద్ధ ప్రభావం అని మాత్రం అనడం లేదు. అమరావతి, నాగార్జునకొండ మన నేల మీదే ఉన్నాయి, అది నిజమే, కానీ "నాకు కోపం వచ్చింది" లాంటి వాక్యం కన్నడంలో ఉంది, తమిళంలో ఉంది, హిందీలోనూ ఉంది. "పడు" కూడా ఎప్పుడూ ఇదే పని చేయదు, కష్టపడటం, ఇష్టపడటం ఉన్నాయి. కాబట్టి సిద్ధాంతం కట్టను. మీరు ఆ ఫోన్ మోగినప్పుడు మనసులో ఏ వాక్యం వస్తోందో చూసుకోవడానికి పనికొస్తుందేమోనని చెప్పాను.

ఇంకో సందేహం పాళీ విద్యార్థి గారికి. గీతలో "మాత్రాస్పర్శాస్తు కౌంతేయ శీతోష్ణసుఖదుఃఖదాః" అని ఉంది కదా, స్పర్శల వల్లే సుఖదుఃఖాలు, వచ్చిపోయేవి, ఓర్చుకో అని. రెండూ ఒకటే చెప్తున్నాయా?

పాళీ విద్యార్థి:

మాస్టారూ, కలగడం పడటం గురించి మీరు రాసింది చదివి లేచి రెండుసార్లు ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. ఎందుకో చెప్తాను. మధుపిండిక సుత్తంలో నేను పైన సగమే రాశాను. "ఫస్సపచ్చయా వేదనా" దాకా ఎవరూ ఏమీ చేయరు, అన్నీ పుడతాయి, ఎరుక పుడుతుంది, స్పర్శ వల్ల వేదన. ఆ తర్వాత వాక్యం తిరిగిపోతుంది: "యం వేదేతి తం సఞ్జానాతి, యం సఞ్జానాతి తం వితక్కేతి, యం వితక్కేతి తం పపఞ్చేతి." ఏది అనుభవిస్తాడో దాన్ని గుర్తుపడతాడు, గుర్తుపట్టినదాని గురించి ఆలోచిస్తాడు, ఆలోచించినదాన్ని అల్లుకుంటూ పోతాడు. క్రియలన్నీ మారి ఒక మనిషి లోపలికి వచ్చేశాడు. మీరు తెలుగులో చూపించిన మలుపు పాళీలో సరిగ్గా వేదన దగ్గరే ఉంది. ఆ చివరి మాట పపంచం, మన ప్రపంచం. మహాకచ్చానుడు ఇంకా ముందుకు వెళ్లి, అలా అల్లుకున్నవే తిరిగి వచ్చి, జరిగిపోయినవీ జరగబోయేవీ ఇప్పటివీ అన్నీ కలిసి, ఆ మనిషినే చుట్టుముడతాయి అంటాడు. మొదట అతను ఆలోచించాడు, చివరికి ఆలోచనలు అతని మీద పడ్డాయి.

గీత శ్లోకం గురించి: వచ్చిపోయేవి అన్నంతవరకు చాలా దగ్గర. ఓర్చుకునే ఆ లోపలివాడు ఎవరు అన్న దగ్గర దారులు చీలతాయి. గీతలో ఆత్మ ఉంది. ఇక్కడ "అనుభవించేది ఎవరు స్వామీ" అని ఫగ్గునుడనే భిక్షువు అడిగితే, ప్రశ్న సరిగ్గా లేదు, దేనివల్ల వేదన కలుగుతోంది అని అడుగు, స్పర్శ వల్ల అని చెప్తాను అన్నాడు బుద్ధుడు.

సాగర్ రోడ్డు గారూ, మీ మోకాలి అనుభవానికి నేను ఎదురు చెప్పను. ఒక్కటి మాత్రం, వేదన నామంలోది (మనసు వైపుది), రూపంలోది (ఒంటి వైపుది) కాదు. ఛాతీలో బిగువు వాయుధాతువు (ఒంట్లో కదలికకీ బిగువుకీ మూలం అనేది) పని, అది రూపం. దాన్ని చెడ్డగా రుచి చూడటం వేదన. చూడటం ఒంట్లో మొదలుపెట్టడం తేలిక కాబట్టి గోయెంకా గారు అలా నేర్పారు, అందులో నాకు తేడా ఏమీ కనబడదు.

మున్నేటి ఒడ్డు:

పది రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. ఇంట్లో పెళ్లి పనులు. ముందు రాత్రి డ్యూటీ గారికి, మీ జవాబు ప్రింట్ తీసి పెద్దమ్మకి చదివాను. ఆమె ఏమీ అనలేదు గానీ, సన్నిపాతం అన్న మాట దగ్గర తల ఊపింది.

ఈ పది రోజుల్లో తమ్ముడు రెండుసార్లు చేశాడు. మొదటిసారి ఏమీ గమనించలేకపోయాను, బండి మీద ఉన్నాను, ఇంటికి వచ్చాక మిస్డ్ కాల్ చూసి మళ్లీ అదే బిగువు. రెండోసారి రాత్రి, పక్క వేసుకుంటున్నాను. పేరు వెలిగింది. ఎత్తకుండా చూస్తూ కూర్చున్నాను. అప్పుడు ఒక సంగతి కనబడింది. నా ఫోన్‌లో వాడి నంబర్ "చిన్నోడు" అని ఉంటుంది. వాడు ఇంటర్‌లో హాస్టల్‌కి వెళ్లినప్పుడు నేను పెట్టుకున్న పేరు, ఎన్ని ఫోన్లు మారినా అదే వస్తోంది. అప్పట్లో ఆదివారం సాయంత్రం ఆ పేరు వెలిగితే చేతిలో పని వదిలేసి పరిగెత్తేదాన్ని. అవే మూడు అక్షరాలు. చూపులో బాధ లేదు అని మీరు రాసినప్పుడు తర్కంలాగా అనిపించింది, ఆ రాత్రి మంచం మీద కూర్చుని అది నిజమని చూశాను, చూసి ఏడుపు వచ్చింది. మాస్టారి లెక్కలో రాయాలంటే, ఏడుపు వచ్చింది, ఏడవలేదు.

నాలుగో రింగుకి ఎత్తాను. బిగువు పోలేదు, గొంతు దగ్గర నుంచి భుజం మీదకి జరిగింది, అక్కడే ఉంది. వాడు ఇల్లు గురించి కాదు, అమ్మ రోలు ఎవరు తీసుకోవాలి అని అడగడానికి చేశాడు. నా దగ్గర ఉంచుతానన్నాను. సరే అక్కా అన్నాడు.

ఇంకో చిన్న సందేహం. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏమీ అనిపించలేదు. బాగానూ లేదు, బాధగానూ లేదు. మూడో వేదన అన్నారే, అదేనా? లేక అలసిపోయి నేను గమనించడం మానేశానా?

పాళీ విద్యార్థి:

ఈ ప్రశ్న దాదాపు ఇలాగే అడిగినవాడు ఒకడున్నాడు. విశాఖుడనే గృహస్థు, భిక్షుణి ధమ్మదిన్నని అడుగుతాడు, చూళవేదల్ల సుత్తంలో. ఆమె చెప్పింది: సుఖవేదన ఉన్నంతసేపు సుఖం, మారితే దుఃఖం. దుఃఖవేదన ఉన్నంతసేపు దుఃఖం, మారితే సుఖం. రెండూ కాని వేదన తెలిస్తే సుఖం, తెలియకపోతే దుఃఖం. సుఖం అడుగున రాగం, దుఃఖం అడుగున ద్వేషం పొంచి ఉంటే, ఈ మూడోదాని అడుగున ఉండేది అవిద్య అని కూడా చెప్పింది. తర్వాత విశాఖుడు వెళ్లి బుద్ధుడితో చెప్తే, నన్ను అడిగినా ఇదే చెప్పేవాణ్ణి అన్నాడు.

కాబట్టి మీ రెండు అనుమానాలూ ఒకటేనండీ, అది ఏదన్నది మీరు గమనించారా లేదా అన్నదాని మీదే ఉంది. ఏమీ అనిపించడం లేదని మీకు తెలిసింది అంటే కొంత చూశారన్నట్టే. ఫోన్ మోగినప్పుడు దీన్ని పట్టుకోవడం కష్టం, అప్పుడు దుఃఖవేదన గట్టిగా అరుస్తుంటుంది. ఏ ఫోనూ రాని ఒక సాయంత్రం, అంట్లు తోముతున్నప్పుడో బట్టలు మడతపెడుతున్నప్పుడో ఒకసారి చూసి, ఏం కనబడిందో ఇక్కడే రాయండి.